గోడ మీద గాజుపట్టీ

మా వదినకు భయం ఎక్కువ. వదినంటే నా భర్తకు అక్క. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడుతుంది, తలుపు కొడితే ఉలిక్కిపడుతుంది, ఫోను మోగితే ఎవరికేమైందో అని గుండె పట్టుకుని ఆ తర్వాతే ఎత్తుతుంది. గదిలో బల్లి కనిపించిందంటే ఆ గది ఇక బల్లిదే, తను వసారాలో పడుకుంటుంది. చిన్నప్పుడు నా భర్త తలుపు వెనక నక్కి ఆమెను హడలగొట్టి, ఆమె వేసిన కేకకు తనే హడలిపోయి ఏడ్చేవాడట. "ఉలికిపాటు" అని ఆయన పెట్టిన పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఆఫీసులోకి ఎలా పాకిందో గానీ, పనిచేసే చోట కూడా అందరికీ ఆమె ఉలికిపాటక్కే. నేనూ తక్కువదాన్నేమీ కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె వెనక నిలబడి స్టీలు పళ్లెం కింద పడేసి నవ్వుకున్నదాన్నే.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం గబ్బిలాలున్న కోటకు కాపలా. ఆమె భర్త ఆ కోటలోనే కాపలాదారు. జబ్బు చేసి ఆయన పోతే పురావస్తు శాఖవాళ్లు దయతలిచి ఆ పని ఆమెకే ఇచ్చారు. కోట వెనక గోడకు ఆనుకుని ఉన్న గది కూడా ఆమెకే వదిలారు. ఉద్యోగం పోతే గదీ పోతుంది. ఈ ఒక్క ముక్క మా వదినకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

పొద్దున్నే గేటు తియ్యాలి, ఊడవాలి, బూజు దులపాలి. చూడ్డానికి వచ్చినవాళ్లకు మంచినీళ్లెక్కడో, మరుగుదొడ్డెక్కడో చెప్పాలి. గోడల మీద మేకులతో పేర్లు గీసే ప్రేమికులను అదిలించాలి. అదిలించడం ఆమెకు చేతకాదు. "బాబూ, వద్దమ్మా, నా ఉద్యోగం పోతుంది" అని బతిమాలుకునేది. వాళ్లు జాలిపడి మేకు జేబులో పెట్టుకునేవారు.

కోటలో చూడాల్సిందంతా ముఖద్వారం దగ్గరే ఉంది. మందమైన గోడల మధ్య గుహలా పొడుగాటి దారి, దాని మీద రాతి కమాను, కమాను మీద పెద్ద హాలు. ఆ హాలు మా వదిన చేరకముందు నుంచే మూసి ఉంది. కమాను భుజం దగ్గర మొదలై పై హాలు కిటికీ దాకా గోడ బీటవారింది. ఆ బీటకు అడ్డంగా అక్కడక్కడా అరచేతి పొడుగు గాజుపట్టీలు అతికించి ఉండేవి. పట్టీకి రెండు కొసల్లో సున్నం ముద్ద, ఆ ముద్ద మీద పుల్లతో గీసిన తేదీ. అవి ఎందుకో మా వదినకు ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వం గోడకు పెట్టిన ఏదో బిళ్ల అనుకుంది, పిల్లల చేతికి తాయెత్తు కట్టినట్టు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొద్దున ఆమె బూజుకర్ర ఎత్తేసరికి ఒక పట్టీ నడిమికి పగిలి కనిపించింది. తన కర్రే తగిలిందనుకుంది. గేటు దగ్గర నీలం బోర్డు ఉంది కదా, ఈ కట్టడానికి ఏ నష్టం కలిగించినా జైలు, జరిమానా అని. రోజూ ఆ బోర్డును తుడిచేది ఆమే. అక్కడే కూలబడింది. అప్పటికింకా రిటైరు కాని ముసలి వాచ్‌మన్ చూసి, ఇంత మాత్రానికేనా అన్నాడట. అద్దాల కొట్లో కోయగా మిగిలిన ముక్కలు ఊరికే ఇస్తారు, ఒకటి తెచ్చి అతికించు, పాత తేదీయే మళ్లీ గియ్యి, ఆఫీసరు వచ్చి పగిలిందేమని అడిగితే నువ్వే జవాబు చెప్పుకోవాలి, నేను చేరినప్పుడు నా ముందువాడు నాకు చెప్పిందీ ఇదే అన్నాడు. నిచ్చెన ఆయనే పట్టుకున్నాడు.

అప్పటినుంచి పట్టీ పగిలినప్పుడల్లా మా వదిన ముక్కలు చెత్తలో వేసి కొత్తది అతికించేది. తేదీ ఎంత శ్రద్ధగా గీసేదంటే, పాతదానిలో అంకె వంకర ఉంటే కొత్తదానిలోనూ అదే వంకర. కోటను కళ్లలో పెట్టుకుని చూసుకుంటోందని ఆమెకు శాఖ ఒకసారి శాలువా కప్పింది కూడా.

శాఖవాళ్లకు కోట మీద ప్రేమ లేదని నేననను. అప్పుడప్పుడూ జీపులో వచ్చేవారు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కింద నుంచి పైకి చూసేవారు. గాజు బానే ఉంది అని ఒకరు, బానే ఉంది అని ఇంకొకరు, టీ తాగి వెళ్లేవారు. ఒక్కడంటే ఒక్కడు నిచ్చెన ఎక్కిన పాపాన పోలేదు. ఈ కట్టడాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిది అని అదే నీలం బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంది. ఆ ప్రభుత్వం ఎవరయ్యా అని పైనుంచి ఒక్కొక్క మెట్టే వెతుక్కుంటూ దిగితే, ఆఖరికి బూజుకర్ర పట్టుకుని వణికే మా వదిన దగ్గర వచ్చి ఆగుతుంది. ఈ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోయినేడు పై హాలు జనానికి తెరవాలని నిర్ణయించారు. కోటంటే కాళ్లున్నవాళ్లకేనా, ముసలివాళ్లూ నడవలేనివాళ్లూ కూడా చూడాలి కదా అని పక్కనున్న మట్టిగట్టు మీదుగా హాలు దాకా ఇనుప ర్యాంపు వేశారు. మంచి ఆలోచనే. ఆ ఆలోచన తెచ్చిన ఇంజినీరు కూడా మంచివాడే. వాలు సరిపోయిందో లేదో చూడాలని తనే చక్రాల కుర్చీలో కూర్చుని ర్యాంపు ఎక్కబోయి, సగం నుంచి వెనక్కి జారి, ఇసుక గుట్టలో పడి నవ్వాడట. ఆ తర్వాత వాలు తగ్గించి మళ్లీ వేయించాడు. మా వదిన ఆయన గురించి చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయేది. ఆఫీసర్లలో తనను అక్కా అని పిలిచేది ఆయనొక్కడే.

పని చివరికొచ్చాక పెద్దాఫీసరూ మరికొందరూ హాలు తెరవడానికి అనుమతి ఇవ్వాలని వచ్చారు. మా వదిన నీళ్లసీసాల ట్రే పట్టుకుని వాళ్ల వెనకే ఉంది. పైన అంతమంది జనం ఎక్కితే కమాను తట్టుకుంటుందా, ఆ బీట సంగతేమిటి అని వాళ్లలో ఒకాయన అడిగాడు. ఇంజినీరు నవ్వుతూ గాజుపట్టీలను చూపించాడు.

"ఇవే సార్ మన సాక్షులు. గోడ వెంట్రుకవాసి కదిలినా ముందు ఇవి పగుల్తాయి. తేదీలు చూడండి, ఎన్నేళ్ల కిందటివో. ఒక్కటీ పగల్లేదు. అంటే గోడ కదలట్లేదు."

అందరూ తలలూపారు. అనుమతి వచ్చేసింది. ట్రే మీద సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఉలికిపాటక్కా, ఇక్కడ బల్లి కూడా లేదే అని ఎవరో నవ్వారట.

అక్కడినుంచి తిన్నగా నా కొట్టుకొచ్చింది. నాది బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చిన్న కొట్టు. మిషను మీద కాలరు తిప్పుతూ తలెత్తి చూస్తే గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏం వదినా, ఎలక కనిపించిందా అన్నాను, నా నోరు కాలా. ఆమె వచ్చి కత్తిరించిన గుడ్డల మీదే కూర్చుని జరిగిందంతా చెప్పింది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మిషను మీద నుంచి కాలు తియ్యడం మర్చిపోయాను. కాలరు మీద కాలరు కలిసి కుట్టుకుపోయింది. ఎన్నిసార్లు పగిలిందని అడిగాను.

"లెక్క పెట్టలేదమ్మాయీ. ముందంతా చలి మొదలయ్యేటప్పుడే పగిలేది. ఈమధ్య ఎండల్లో కూడా పగుల్తోంది. ఈ పనికిమాలిన గాజు ఎక్కడిది, నాణ్యత లేదని కొట్టువాణ్ని తిట్టాను కూడా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆమె మీదా, ముసలి వాచ్‌మన్ మీదా, జీపుల్లో వచ్చి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న వాళ్లందరి మీదా వచ్చింది. అదేమిటో కనుక్కోవాలని ఒక్కసారైనా అనిపించలేదా అని అరిచాను. అడిగితే ఎందుకడుగుతున్నావని అడుగుతారు కదా అంది. అరుపు ఆగిపోయాక భయం పట్టుకుంది. పై హాలు నిండా జనం, పిల్లలు, చక్రాల కుర్చీలు, వాళ్ల కింద ఆ కమాను. చెప్తే మా వదిన ఉద్యోగం, గది పోతాయి, కేసు కూడా పెడతారేమో. చెప్పకపోతే ఏం పోతుందో అనుకోవడానికే నాకు మనసొప్పలేదు.

చెప్పెయ్యాలి వదినా అన్నాను. చెప్తాను అంది.

చెప్పలేదు. చెప్పాలని వెళ్లింది, అది నిజం. కొట్లో నా ముందు నిలబడి ఏ మాట తర్వాత ఏ మాటో వల్లె వేసి మరీ వెళ్లింది. ఆఫీసులో ఇంజినీరు ఫోనులో ఎవరితోనో ర్యాంపు పక్కన పట్టుకునే కడ్డీ కోసం పోట్లాడుతున్నాడు. ఆమెను చూసి కూర్చోమని సైగ చేశాడు. ఫోను పెట్టేసి, అక్కా, ప్రారంభం రోజు హాలు తలుపు నీచేతే తీయిస్తాను, పెద్దాఫీసరుతో మాట్లాడాను అన్నాడు. ఈమె దండం పెట్టి వచ్చేసింది. మరోసారి గుమ్మం దాకా వెళ్లి, లోపల పెద్దాఫీసరు గొంతు వినబడితే వెనక్కి తిరిగింది. నా భర్త నేను చెప్తానక్కా అంటే ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చేసింది నేను, నేనే చెప్పాలి, నాకు కాస్త ధైర్యం రానీయండి అంది. ఆమెకు ధైర్యం వచ్చేదాకా ఆగితే కోట కాదు, ఊరే పడిపోతుందని నేను విసుక్కున్నాను.

ఆ రోజుల్లో ఆమె తినడం మానేసింది. పొద్దున గేటు తియ్యగానే పట్టీల కేసి చూడటం, సాయంత్రం వెయ్యబోతూ చూడటం. కొంతకాలం కిందట కొత్తగా అతికించిన పట్టీలు అలాగే ఉన్నాయి. ఒకవేళ గోడ ఇక ఆగిపోయిందేమో అని నన్ను అడిగేది. నాకేం తెలుసు. ఆగిపోయే ఉంటుంది అని ఒక రోజు, ఆగదు అని ఒక రోజు చెప్పేదాన్ని. ఏది చెప్పినా ఇద్దరికీ నమ్మకం కుదిరేది కాదు. నేనూ కొట్లో తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం మొదలుపెట్టాను.

ప్రారంభం రోజు పొద్దున తోడు రమ్మని బతిమాలింది. కొట్టు మూసి వెళ్లాను. ర్యాంపు మొదట్లో రిబ్బను కట్టారు, కుర్చీలు వేశారు. పైన హాల్లో ఇద్దరు మనుషులు తివాచీలు పరిచి మిషనుతో దుమ్ము లాగుతున్నారు. ఆ హోరు కిందికి వినబడుతోంది. రిబ్బను కత్తిరించాల్సిన పెద్దమనిషి దారిలో ఉన్నాడని పెద్దాఫీసరు అటూ ఇటూ తిరుగుతున్నాడు. చక్రాల కుర్చీల్లో రావలసినవాళ్ల బస్సు ఎక్కడో ఆగిపోయింది. ఫోటోకు ఒక్క కుర్చీ అయినా లేకపోతే ఎలా అని కంగారు పడుతుంటే ఇంజినీరు ఇంటికి వెళ్లి, చక్రాల కుర్చీలో తిరిగే వాళ్లమ్మను తీసుకొచ్చాడు.

ఆవిడ లావుగా, కలివిడిగా ఉంది. ఒళ్లో పెద్ద చేతిసంచీ, కాళ్ల మీద దుప్పటి. వస్తూనే మా వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తలుపు తీసేది నువ్వేనటగా. నా పక్కనే ఉండాలమ్మా నువ్వు. నాకు ఎత్తంటే చచ్చేంత భయం, వీడికి చెప్తే నవ్వుతాడు."

మా వదిన ఆ చేతిని చూసింది. జీవితంలో మొదటిసారి ఎవరో భయపడి తనను పట్టుకున్నారు. ఆ చెయ్యి వదలకుండానే ఇంజినీరు వైపు తిరిగింది. వల్లె వేసిన మాటలేవీ రాలేదు.

"సార్, ఆ గాజులు పాతవి కావు. పగిలినప్పుడల్లా నేనే కొత్తవి పెట్టాను. పాత తేదీయే గీశాను సార్."

ఆయన నవ్వబోయాడు. మళ్లీ చెప్పింది. ఆయన తల మెల్లగా పైకెత్తి కమాను భుజం కేసి చూశాడు. మొహం పాలిపోవడం నేను కళ్లారా చూశాను. గొంతు తగ్గించి ఎప్పటినుంచి, ఎన్నిసార్లు, ఏ పట్టీ అని అడిగాడు. దేనికీ ఆమె దగ్గర సరైన జవాబు లేదు. ముక్కలేవని అడిగితే చెత్తలో వేశాను అంది.

ఈలోగా పెద్దాఫీసరు వచ్చాడు. విషయం విని ముందు నవ్వాడు, తర్వాత పళ్లు కొరికాడు. ఇన్నేళ్లూ లేనిది ఇవాళే గుర్తొచ్చిందా అన్నాడు. ఆమె సంగతి అందరికీ తెలిసిందే, గబ్బిలం ఎగిరితే సెలవు పెట్టే మనిషి, జనాన్ని చూసి జడుసుకుంది అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఉలికిపాటక్క అంటూ మూతులు మూసుకుని నవ్వారు. నేను ముందుకెళ్లి ఆమె అబద్ధం చెప్పట్లేదని అరిచాను. నువ్వెవరని అడిగాడు. మరదల్ని అన్నాను. సరిపోయింది అన్నాడు.

ఆయన కూడా భయపడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. నుదుటి మీద చెమట. ఆ పట్టీలు బాగున్నాయని సంతకం పెట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. వచ్చే కారుకూ, మా వదిన మాటకూ మధ్య ఆయన ఇరుక్కుపోయాడు. ఆ రెండింటిలో కారే దగ్గర్లో ఉంది. పెద్దాఫీసరు ఇంజినీరు భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ లెక్కలు మీకు తెలుసు కదయ్యా. ముందు మీ అమ్మగార్ని పైకి తీసుకెళ్లండి. మీరెళ్తే అందరికీ ధైర్యం వస్తుంది."

ఇంజినీరు కుర్చీ వెనక్కి వెళ్లి పిడులు పట్టుకున్నాడు. మా వదిన ఆవిడ చెయ్యి వదలలేదు. ర్యాంపు ముందు అలా నిలబడిపోయాడు ఆయన. పైన మిషను హోరు, దూరంగా కారు హారను. ఏంట్రా, కదలవేం అని వాళ్లమ్మ వెనక్కి తిరిగి అడిగింది. ఆయన వంగి కుర్చీ చక్రానికి బ్రేకు వేశాడు.

మా వదిన చెప్పింది నిజమని ఒక్కరూ ఒప్పుకోలేదు. కానీ కాళ్లన్నీ వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. ఫోటోలవాడు జరిగాడు, బ్యాండువాళ్లు జరిగారు, పెద్దాఫీసరు ఫోను చెవిలో పెట్టుకుని గేటు బయటి దాకా జరిగాడు. ఇంజినీరు వాళ్లమ్మ కుర్చీని వెనక్కి లాగి ఎండలోకి తీసుకెళ్లాడు. అప్పుడు నాకు పైనున్న ఇద్దరూ గుర్తొచ్చారు. రమ్మని కేకేశాను. మిషను హోరులో వాళ్లకేం వినబడుతుంది. ఎవరైనా వెళ్తారేమోనని అందరి మొహాలూ చూశాను. అందరూ నా మొహం చూశారు.

మా వదిన ర్యాంపు ఎక్కుతోంది. కడ్డీని రెండు చేతులా పట్టుకుని, పక్కకు తిరిగి, పసిపిల్ల మెట్లెక్కినట్టు ఎక్కుతోంది. వెంట వెళ్లాల్సినదాన్ని, ఉన్నచోటే నిలబడి చూశాను. ఇంజినీరు అటు పరుగెత్తబోతే వాళ్లమ్మ చొక్కా పట్టుకుని ఆపేసింది. మా వదిన హాల్లోకి వెళ్లింది. మిషను ఆగింది. ఆ నిశ్శబ్దంలో కమాను కింద నుంచి ఒక పావురం రెక్కలు కొట్టుకుంటూ బయటికొస్తే అక్కడున్న మనుషులందరూ కేకపెట్టారు. ఇక నవ్వడానికి ఎవరూ మిగల్లేదు. ఆ ఇద్దర్నీ ముందు పెట్టుకుని ఆమె దిగి వచ్చి, నా భుజం మీద తల వాల్చి, తడిసిపోయాను అమ్మాయీ, ఒంటి మీద చీర మార్చుకోవాలి అని చెవిలో చెప్పింది.

అయితే గోడ పడలేదు. ఆ రోజూ పడలేదు, ఆ వారమూ పడలేదు. కోట గేటుకు తాళం వేశారు, చుట్టూ తాడు కట్టారు. విచారణ తేలేదాకా మా వదినను పనిలోంచి ఆపేశారు. రక్షిత కట్టడంలో పరికరాలు మార్చినందుకని కారణం రాశారు. ఆ పరికరాలు ఏమిటో ఆమెకు చెప్పనందుకు ఎవరిని ఆపాలో రాయలేదు. ఇంజినీరును కూడా వేరే పనికి మారుస్తామన్నారు. బయటినుంచి వచ్చిన నిపుణులు పాత పట్టీలన్నీ పీకేసి కొత్తవి అతికించారు, అసలు తేదీలు గీశారు. వీటిలో ఒక్కటి పగిలినా ఆమె మాట నిజం, పగలకపోతే అదంతా పిరికి మనిషి గోల అన్నారు.

కోట ముందు బొమ్మలమ్మేవాళ్లూ, టీకొట్టువాళ్లూ మా పొట్ట కొట్టావని ఆమెను వీధిలో నిలదీశారు. ఆమె తలవంచుకుని వినేది. రోజూ పొద్దున కొట్టు తెరిచే ముందు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, తాడు ఇవతల నిలబడి పైకి చూసేది. ఎండ గాజు మీద పడి మెరిసేది. గీత లేదు. నేను లోలోపల పగులు, పగులు అని మొక్కుకునేదాన్ని, ఒకసారి పైకే అనేశాను. అలా అనకమ్మాయీ అని నా నోరు మూసింది. పగలకపోతే నువ్వు రోడ్డున పడతావు కదా అన్నాను. రోడ్డున పడటం ఇంత భయం కాదు అంది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున వెళ్లేసరికి కమాను దగ్గర నిచ్చెన వేసి ఉంది. ఇంజినీరు పైనుంచి దిగుతున్నాడు. మమ్మల్ని చూసి పరుగులాంటి నడకతో తాడు దగ్గరికొచ్చాడు.

"పగిలిందక్కా, రెండు పట్టీలు పగిలాయి. నువ్వు చెప్పింది నిజమే. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, నేను చూసుకుంటాను."

నేను గట్టిగా ఒక కేక వేసి వదినను వాటేసుకున్నాను. అమ్మయ్య అన్నాను, గండం గడిచింది అన్నాను, ఇప్పుడు చెప్పమను ఆ పెద్దాఫీసర్ని అన్నాను. ఆమె నా చేతుల్లోంచి జారిపోతోంది. పట్టుకుని ఆపబోయాను, ఆగలేదు, తాడు పక్కన మట్టిలో కూర్చుండిపోయింది. పెదవులు తెల్లగా అయిపోయాయి. ఎన్నో భయాలు చూశాను ఆమె మొహంలో, ఇది వాటిలో దేనిలాగానూ లేదు. ఏమైంది వదినా, ఇప్పుడింకా దేనికి భయం అని నేను కూడా పక్కనే కూర్చున్నాను. ఆమె కమాను కింద చల్లగా, నున్నగా ఉన్న రాతినేల కేసి చూస్తోంది.

"అయితే ఇన్నేళ్లూ కదుల్తూనే ఉంది" అంది. "బడిపిల్లలు బస్సుల్లో వచ్చేవారు. ఎండకి తట్టుకోలేక ఏడుస్తుంటే టీచర్లకి నేనే చెప్పేదాన్నమ్మాయీ. బయటెందుకమ్మా, అందర్నీ ఆ కమాను కింద కూర్చోబెట్టండి, అక్కడైతే ఏ భయమూ లేదు అని."